చింతపండు గంప చుట్టూ వసంతం

సభలోని పెద్దలకు, తోటి పాఠకులకు, ఒంటిపూట బడులు మొదలైన నాటి నుండి మధ్యాహ్నాలు ఈ గ్రంథాలయంలోనే గడుపుతున్న పిల్లలకు నమస్కారం.

వసంతాన్ని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మన కవులు కోయిలతోనో మావిచిగురుతోనో ఈ ఋతువును మొదలుపెడతారు. నేను చింతపండుతో మొదలుపెడతాను. ఎందుకంటే శివరాత్రి దాటిన దగ్గర నుండి ఉగాది వరకు మా ఇంటి వసారాలో ఉండే వాసన అదే. ఏడాదికి సరిపడా 10, 12 కిలోల కాయ గోనెసంచిలో దిగుతుంది. ఎండకు కాగిన కాయను రెండు వేళ్లతో నొక్కితే పెంకు పెళుసుగా విరిగిపోతుంది. గుజ్జును పట్టుకొని ఉన్న ఈనెలను మొదలు దగ్గర పట్టి లాగితే, పండిన కాయ అయితే ఒక్క ఊపులో వచ్చేస్తాయి. ఆ తరువాత రాతి మీద పెట్టి చిన్న కర్రతో కొట్టి, గింజలను ఒక్కొక్కటిగా జార్చాలి. కొత్త పండు తేనెరంగులో ఉంటుంది. ఉప్పు చల్లి జాడీలో కూరి పెడితే నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. జాడీ అడుగున మిగిలిన నల్లని పాత పండు, గంపలో ఎర్రని కొత్త పండు పక్కపక్కన కనబడినప్పుడు ఒక సంవత్సరం వెళ్లి మరొకటి వచ్చిందని నాకు తెలుస్తుంది.

ఈ పని ఒక్కరు చేస్తే విసుగు. నలుగురు కూర్చుంటే చేతులకు పని, చెవులకు తీరిక. ఆ తీరికలోనే మా ఇంట్లో పుస్తకం తెరుచుకునేది.

మా పక్కింటి వదినకూ నాకూ చుట్టరికం లేదు. 40 ఏళ్ల కిందట మేము ఈ వీధికి వచ్చిన మొదటి వారంలో ఆవిడ దోసెడు కొత్త చింతపండు విస్తరాకులో పెట్టి తెచ్చి ఇచ్చి, నన్ను ‘వదినె’ అని పిలిచింది. ఆ పిలుపే చుట్టరికమయింది. ఆవిడ పుట్టిల్లు పాలమూరు వైపు, నాది కృష్ణా తీరం. చదువు ఆవిడకు సంతకం వరకే వచ్చు. అందుకని ప్రతి ఏటా మా వసారాలో ఆవిడ గింజలు కొడుతూ ఉంటే, ఈ గ్రంథాలయం నుండి తెచ్చిన నవలను నేను పైకి చదివేదాన్ని. ఒకసారి ఒక నవలలో కోడలు అత్తవారింట్లో మాట పడి, గదిలోకి వెళ్లి ఏడుస్తూ పడుకునే ఘట్టం వచ్చింది. రచయిత్రి ఆ దుఃఖాన్ని రెండు పుటల నిండా ఎంతో చక్కగా వర్ణించింది. నేను గొంతు తగ్గించి చదువుతున్నాను. వదిన చేతిలోని కర్ర ఆగిపోయింది.

“జర ఆగు వదినె. గా పిల్ల పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నదా లేదా?” అని అడిగింది.

నేను పుటలు వెనక్కి తిప్పి వెదికాను. ఎక్కడా లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయిని అన్నానికి పిలవలేదు, పిలవలేదన్న సంగతి రచయిత్రి కూడా గమనించలేదు. బడిలో 30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నేను ఆ నవలను అప్పటికి రెండుసార్లు చదివి ఉన్నాను. ఆ ప్రశ్న మాత్రం గింజలు కొడుతూ విన్న మనిషి అడిగింది. మంచి పాఠకురాలు అంటే ఎవరని నన్ను అడిగితే ఈనాటికీ నేను ఆవిడనే చూపిస్తాను.

కంటితో ఒంటరిగా చదువుకోవడమే చదువు అని మనం ఈమధ్య అనుకుంటున్నాం గానీ, మన చదువులో సగం చెవిలోనే పెరిగింది. గుడి మండపాల్లో పురాణం చెబుతుంటే విన్న వారిలో అక్షరం వచ్చిన వారెందరు? మన సంవత్సరం మొదలయ్యేదే ఒక పుస్తకాన్ని ఒకరు చదువుతుండగా పదిమంది వినడంతో. దానికి పంచాంగ శ్రవణమని పేరు పెట్టుకున్నామే తప్ప పంచాంగ పఠనం అనలేదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల వారి తొలి మహాసభ జరిగింది. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవకు పుస్తకాలెత్తి ఊరూరికీ పంపించారు. అక్షరం రాని వారికి చదివి వినిపించడం కూడా తమ పనే అని ఆనాటి గ్రంథాలయ సేవకులు భావించారు. అందువల్ల ఒక వసారాలో ఇద్దరు ఆడవాళ్లు గంప ముందు కూర్చొని నవల చదువుకోవడాన్ని నేను ఆ ఉద్యమానికి దూరపు సంగతిగా అనుకోవడం లేదు.

వదినతో స్నేహం నాకు నేర్పిన మరొక రుచి ఉగాది పచ్చడి. మా వైపు చిక్కగా కలిపి చేతిలో పెట్టుకొని తింటాం. ఆవిడ కొత్తకుండలో చింతపండు పులుసు పలుచగా తీసి, బెల్లం కరిగించి, మామిడి తురుము, వేపపువ్వు వేసి గ్లాసుల్లో పోసి ఇస్తుంది. నేను బొబ్బట్లు అంటాను, ఆవిడ బక్ష్యాలు అంటుంది. పండుగనాడు రెండిళ్లలోనూ రెండూ ఉంటాయి. వేపపువ్వు మాత్రం ఇద్దరం కలిసే ఏరుతాం. తెల్లవారక ముందే చెట్టు కింద పాత చీర పరిచి వస్తే, ఎండ ఎక్కే లోపల దాని నిండా సన్నని తెల్లపూలు రాలి ఉంటాయి. నోటికి అంత చేదైన పువ్వు ఆ వేళ తేనె వాసన వేస్తుంది. పచ్చడికి పిడికెడు చాలు. మిగిలినది నీడలో ఆరబెట్టి, నేతిలో వేయించి చారులో వేసుకుంటే మరి కూర అడగాలనిపించదు. శ్రీరామనవమి పానకం, వడపప్పు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, ఆవకాయ ధ్యాస మొదలవుతుంది. అది మరొక ప్రసంగం.

గింజ తీసిన చింతపండు ఇప్పుడు పొట్లాల్లో దొరుకుతోంది. ఉద్యోగాలకు పరుగెత్తే వారిని కొనవద్దని నేను అనను, నేనూ చాలా ఏళ్లు కొన్నాను. కొన్న ఆ ఏళ్లలో మా వసారాలో పుస్తకం పైకి చదవడం కూడా ఆగిపోయింది. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయని నాకు అప్పుడు తెలియలేదు. నిరుడు కంటి శస్త్రచికిత్స జరిగి నన్ను చదవవద్దన్నప్పుడు, వదిన తానే ఒక గోనెసంచి కాయ తెప్పించి మా వసారాలో దింపించింది. ఏడో తరగతి చదివే తన మనవరాలిని పక్కన కూర్చోబెట్టి, “చదువు బిడ్డా, ఈ అమ్మమ్మ ఇన్నేండ్లు నాకు చదివింది” అని నన్ను చూపించింది. ఆ పిల్ల మొదట ఒత్తుల దగ్గర తడబడింది. మూడో రోజుకు పాత్రలకు గొంతులు మార్చి చదివింది. జీవితంలో మొదటిసారి నేను చేతులు పులుపు చేసుకుంటూ ఒక నవలను విన్నాను.

మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అంటే ఈ బీరువాల్లోని పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే, అడిగి తీసుకెళ్లడానికి మొహమాటం అక్కరలేదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి ఈ గ్రంథాలయం వరండాలోనే కూర్చుందామని వదినా నేనూ అనుకున్నాం. కాయ మేము తెస్తాం, రాయీ కర్రా మీరు తెచ్చుకోండి. ఏ పుస్తకం చదవాలో పిల్లలు ఎంచి పెడతారు. రాలిన గింజలన్నీ వాళ్లవే, వామనగుంటలకు 14 గుంటల నిండా సరిపోతాయి.