70 ఎంఎం టెలిస్కోప్ కొనొచ్చా? మా అనంతపురం మిద్దె మీద వాడి చూసి చెప్తున్నా

హాయ్ అందరికీ. ఆ మూలకి నిలబెట్టినానే, అదే 70 ఎంఎం టెలిస్కోప్, అంటే ముందుండే అద్దం వెడల్పు 70 ఎంఎం. "అన్నా ఇది కొనొచ్చా, గ్రహాలు కనిపిస్తాయా" అని అడిగేటోళ్లు శానా మంది అయినారు, అందుకే ఈ వీడియో.

ముందు డబ్బా మీద 525 ఎక్స్, అంటే 525 రెట్లు పెద్దగా చూపిస్తాదని రాసింటారు చూడండి, దాన్ని మర్చిపోండి. లెక్క సింపుల్, దీని ఫోకల్ లెంగ్త్, అంటే ముందు అద్దం నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 700 ఎంఎం, దాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న అద్దం) మీదుండే నంబర్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తాది. 25 పెడితే 28 రెట్లు, 10 పెడితే 70. 4 పెట్టి దానికి 3 ఎక్స్ బార్లో (బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచే అద్దం) తగిలిస్తే ఆ 525 వస్తాది, అబద్ధం కాదు, కానీ 70 ఎంఎం అద్దానికి మహా అంటే 140 దాకానే. ఆపైన గ్లాసు మజ్జిగలో చెంబుడు నీళ్లు పోసినట్టే, ఎక్కువైతాది గానీ రుచుండదు.

మొదటి రోజు నాకు చందమామ కూడా దొరకలేదు, నిజంగా. ఫైండర్, అదే గురి చూసుకునేదానికి టెలిస్కోప్ మీదుండే చిన్న గొట్టం, సెట్ చేసుకోలేదు మరి. మర్నాడు వెలుగుండగానే దూరంగా ఉండే సెల్ టవర్ కొనకి ఫైండర్, టెలిస్కోప్ రెండూ గురి కలిపి బిగించినా, ఆ రాత్రి నిమిషంలో దొరికింది.

అసలు గోల స్టాండ్‌తో. ఫోకస్ ముట్టుకుంటే చాలు శనిగ్రహం గంతులేస్తాది, ఆగేదానికి నాలుగు సెకన్లు, లెక్కపెట్టినా. స్టాండ్ మధ్యలో ఇసుక మూట కట్టి వేలాడదీస్తే కొంచెం నయం. అట్ల కుదిరినాక మా అవ్వని పిలిచి చూపిస్తే, "అద్దానికి స్టిక్కర్ అతికించినావు కదరా" అనింది! ఉండు అవ్వా అన్యా. భూమి తిరుగుతా ఉంటాది కదా, 70 రెట్లలో మూడు నిమిషాల్లోపే శని పక్కకి జరిగి మాయమైపాయ. "యాడికి పాయరా" అని ఇంకోసారి పెట్టించుకుని చూసింది.

గెలాక్సీల మాదిరి మసక వాటికి రంగులు? ఉండవు. ఫోటోల్లో రంగులన్నీ శానాసేపు లైటు పోగేసి తీసినవి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉండే ఆండ్రోమెడా గెలాక్సీ మీకు బూడిద మరక మాదిరి కనిపిస్తాది, అంతే. ఇంకోటి, ఐపీస్‌కి బిగించే సన్ ఫిల్టర్ వచ్చింటే పారేయండి, వేడికి పగిలితే కన్ను పోతాది.

నా మాట అడిగితే ఫస్ట్ 10x50 బైనాక్యులర్ (పది రెట్లు, 50 ఎంఎం అద్దాలు) తీసుకోండి. అవ్వోళ్లు పిల్లలకోడి అంటారే, ఆ కృత్తికలు (చుక్కల గుంపు) ఉత్త కంటికి ఆరు చుక్కలు, దీంట్లో డజన్ల కొద్దీ.

ఇంకా ఫారిన్ వీడియోలు చూసి ధ్రువనక్షత్రం కోసం ఎత్తుగా వెతుకుతారు కొందరు, మనకి అది ఉత్తరాన పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటాది. దానికి బదులు వాళ్లకి చాలామందికి కనపడని త్రిశంకు (సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు) మనకుంది, మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదికి నేరుగా దక్షిణం దిక్కు, కిందికి, నాలుగు చుక్కలు. టెలిస్కోపే అక్కర్లేదు. మా మిద్దెకి ఆ పక్కే నీళ్ల ట్యాంకు అడ్డం, పక్కింటోళ్ల మిద్దె ఎక్కాల్సిందే.