మాయ అడ్డుకోదమ్మా

మీలో ఎంతమంది బిడ్డ బొడ్డు ఎండి రాలాక తాయెత్తులో పెట్టి మొలతాడుకి కట్టారు, చేతులెత్తండి చూద్దాం. ఆఁ, చాలామందే. జపాన్‌లోనూ అంతే, వాళ్ళు చిన్న చెక్కపెట్టెలో దాస్తారు. ఆ ఎండిన బొడ్డుపేగులే ఒక పెద్ద గుట్టు బయటపెట్టాయి.

అక్కడే మినమాటా అని చేపల మీద బతికే ఊరు, మన ఉప్పాడ లాంటిదనుకోండి. చిస్సో అనే ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి పాదరసం నీళ్ళు సముద్రంలోకి వదిలింది, ఆ చేపలు తిన్న పిల్లులు పిచ్చెక్కినట్టు గెంతేవి, 1956లో మనుషుల జబ్బు బయటపడింది. సరే, తిన్నవాళ్ళకి వచ్చింది, మరి చేపముక్క నోట పెట్టని పసివాళ్ళు కూడా మెడ నిలపలేకపోతున్నారేంటి? డాక్టర్లేమో అది వేరే జబ్బన్నారు. హరాడా అనే కుర్ర డాక్టరు ఒకింటికెళ్తే ఆ తల్లి, చేపలు తిన్నది నేను, విషం పోయింది కడుపులోని బిడ్డకి అందట. అప్పటి చదువులో మాయ, అదే కడుపులో బిడ్డకి తిండి అందించి కాన్పయ్యాక పడిపోయేది, విషాన్ని ఆపేస్తుందనే ఉండేది మరి! 1962కి గానీ ఆవిడ మాట నిజమని ఒప్పుకోలేదు, తర్వాత ఆ దాచిన బొడ్డుపేగుల్లో పాదరసం కొలిచి చూపించారు.

చేపలోని పాదరసం ప్రోటీన్ ముక్కకి అంటుకుని బిడ్డకి వెళ్ళే తిండి వేషంలో మాయ దాటిపోతుంది, బిడ్డ రక్తంలో తల్లికన్నా ఎక్కువే చేరుతుంది, సరిగ్గా మెదడు అల్లుకునే టైములో.

సీసం, అదే లెడ్ అనే లోహం, దానిది కాల్షియం వేషం. ఎప్పుడో ఒంట్లో చేరి ఎముకల్లో కూర్చున్నది, బిడ్డ కోసం తల్లి ఎముక కరిగితే దాంతోపాటే బయటికొస్తుంది. మీరు డబ్బా అటక మీద పడేస్తారే ఆ కాల్షియం మాత్రలు, అవి వేసుకుంటే ఈ కరగడం కొంత తగ్గుతుంది. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం పొడి కలిపిన పసుపు, గిన్నెలకి సీసం కలిపి పూసిన కళాయి, పాత బ్యాటరీలు పగలగొట్టే చోట మట్టి, వీటితో జాగ్రత్త. వేవిళ్ళలో మట్టి తినాలనిపిస్తే దాచకుండా నర్సమ్మకి చెప్పండి, నవ్వకండి, మా ఇంట్లోనే బలపాలు తిన్నవాళ్ళున్నారు.

చేపలు మానేయమనట్లేదు, నెత్తళ్ళు, కవళ్ళు బాగా తినండి, బిడ్డ మెదడుకి మంచివి. సొర అలా కాదు, అది మిగతా చేపల్ని మింగి వాటి పాదరసమంతా పోగేసుకుంటుంది, ఎంత ఉడికించినా పోదు. ఏంటమ్మా? బాలింతకి పాలసొర పిట్టా? తెలుసు, పాలు పడతాయని పెడతారు, కానీ పాదరసం పాలలోకీ కొంత వెళ్తుంది, మీ అత్తగారికి కోపమొచ్చినా సరే ఈ కొన్నాళ్ళు కవళ్ళ పులుసే పెట్టమనండి.