ఒక్క బటన్‌తో కచేరీ వినగలమా?

సభకు నమస్కారం. సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌ను ఈదుకుంటూ చిక్కడపల్లి దాకా వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమన్నారు, పెట్టండి. చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉన్నవాళ్లు మాత్రం తీయకపోయినా పర్లేదు. నా ఫిర్యాదు వాటి మీదే.

జేబులో పట్టే పాటల పరికరాలు చేసేవాళ్లు ఏళ్ల తరబడి బటన్లు తీసేస్తూ వస్తున్నారు. తీసేసిన ప్రతిసారీ వాడకం తేలికైందంటున్నారు. చూపుకు తేలికైన మాట నిజమే. కానీ బటన్ పోయినంత మాత్రాన దాని పని పోలేదు. ఆ పనిని మన జ్ఞాపకానికీ మన వేళ్లకూ అప్పజెప్పారు.

తీసేయడమే తప్పని నేననను. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చిందే ఒక తీసివేతలోంచి. విలేకరులు వాడే ప్రెస్‌మాన్ అనే చిన్న రికార్డరును తీసుకుని, రికార్డింగు తీసేశారు, స్పీకరు తీసేశారు. రికార్డు చేయలేని టేపు ఎవరు కొంటారని కంపెనీలోనే సందేహించారు. జనం ఎగబడి కొన్నారు. ఎందుకంటే వినేవాడికి కావలసినవి దాని మీద అన్నీ ఉన్నాయి. ప్లే, స్టాప్, ముందుకు, వెనక్కి దేనికదే. సౌండుకైతే కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి జరిపే మీటలు కూడా ఇచ్చారు. 2001లో ఆపిల్ కంపెనీ తెచ్చిన మొదటి ఐపాడ్‌నూ నేను మెచ్చుకుంటాను. వెయ్యి పాటల్లో కావలసినదాన్ని బొటనవేలితో చక్రం తిప్పి పట్టుకోవచ్చు. జేబులో దానంతటదే నొక్కుకోకుండా పైన ఒక లాక్ మీట. పొదుపుగా చేసినా వినేవాడిని మరిచిపోలేదు.

దారి తప్పింది ఆ తర్వాత. 2005లో స్క్రీన్ లేని ఐపాడ్ షఫుల్ వచ్చింది. పెద్దదాంట్లో దాదాపు 240 పాటలు పట్టేవి. ఏ పాట వస్తే అది విందామనుకునేవాళ్లకు సరిపోయింది. 2009లో దాన్నే ఇంకా చిన్నది చేసి, పాటలను వెయ్యికి పెంచి, ఒంటి మీద బటన్లన్నీ పీకేశారు. మిగిలింది పైన ఒక్క స్విచ్చి. తక్కినదంతా ఇయర్‌ఫోన్ వైరు మీదికి పోయింది. మధ్య బటన్ ఒకసారి నొక్కితే ఆగుతుంది. రెండుసార్లయితే తర్వాతి పాట. మూడుసార్లయితే వెనకటి పాట. రెండోసారి నొక్కి పట్టుకుంటే పాటలోనే ముందుకు పోతుంది, మూడోసారి నొక్కి పట్టుకుంటే వెనక్కి వస్తుంది. దేశంలో తంతి సేవను 2013లో మూసేశారు గానీ, ఆ టకటకలు అంతకు ముందే మన చెవుల దగ్గరికి చేరిపోయాయి. ఆ వైరు తెగితే మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టి నడపడానికి లేదు. పాట పేరు చదివి వినిపించే గొంతు 14 భాషల్లో మాట్లాడింది, వాటిలో మన దేశ భాష ఒక్కటీ లేదు. మరుసటి ఏడాదే, 2010లో, బటన్లు తిరిగొచ్చాయి. జనం వాటికోసం బెంగపడ్డారని కంపెనీయే వేదిక మీద ఒప్పుకుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆపిల్‌లోనే 1980 నుంచి 1997 దాకా పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్ ఈ సంగతి ఎప్పుడో చెప్పారు. ఏ పనిలోనైనా తీసేయలేని చిక్కు కొంత ఉంటుంది, దాన్ని తయారుచేసేవాడు మోస్తాడా, వాడేవాడి నెత్తిన పెడతాడా అన్నదే ప్రశ్న అన్నారాయన. ఒకే బటన్ ఒక్కో సమయంలో ఒక్కో పని చేయడం, అంటే ‘మోడ్’ మారడం, ఆయనకు సుతరామూ గిట్టేది కాదు. కారు నంబరు ప్లేటు మీద ‘నో మోడ్స్’ అని పెట్టించుకున్న మనిషి!

ఇప్పుడు మన వినికిడి దగ్గరికి వద్దాం. మూడు నాలుగు నిమిషాల సినిమా పాటకు ‘తర్వాతిది’, ‘వెనకటిది’ అంటే చాలు. మనం వినేవన్నీ అవేనా? ఆలాపనే ఇరవై నిమిషాలుంటుంది. ప్రవచనం గంటన్నర. హరికథ మొదలైతే ఇక చెప్పక్కర్లేదు. వీటిలో మనకు తర్వాతి పాట కాదు కావలసింది, ఇప్పుడే జారిపోయిన ముక్క.

ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. క్యాసెట్టు పెట్టుకుని సాధన చేసిన రోజులు మీకు నేను గుర్తు చేయాలా? ప్లేలో ఉండగానే రివైండ్ నొక్కితే కిచకిచమంటూ టేపు వెనక్కి పోయేది. ఆ కిచకిచల్లోనే చెవికి చోటు తెలిసిపోయేది. అనుపల్లవిలో మూడో సంగతి, అంటే అదే పంక్తిని మూడోసారి మార్చి పాడే తీరు, పట్టుబడకపోతే అక్కడికే వెళ్లి, అదే ముక్క పదిసార్లు విని, గొంతులోకి ఎక్కించుకునేవాళ్లం. చూపు శ్రుతిపెట్టె మీద, వేలు మీట మీద. టేపు నలిగేది, అది వేరే బాధ. కానీ ఆ వెనక్కి పోవడం ఉందే, మన దగ్గర సగం చదువు దాని మీదే నడిచింది.

ఇప్పుడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి చవకలో ఒక ప్లేయరో, మెడలో వేసుకునే బ్లూటూత్ సెట్టో తీసుకోండి. చాలావాటిలో ఒకే బటన్‌కు రెండు పనులుంటాయి. పొట్టిగా నొక్కితే సౌండు, నొక్కి పట్టుకుంటే తర్వాతి పాట. పక్క కంపెనీదైతే సరిగ్గా తలకిందులు! మా పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం భాగవత ప్రవచనం వింటుంది. కిందినుంచి లారీ పోతోంది కదా, కాస్త సౌండు పెంచుదామని నొక్కుతుంది. గజేంద్రమోక్షం మధ్యలోంచి ఎకాయెకి మరో స్కంధంలో పడుతుంది. వెనక్కి నొక్కితే ఏనుగు ఇంకా మడుగులోకి దిగనే లేదు, కథ మొదటికొచ్చింది. “నాకు చేతకావడం లేదురా” అంటుంది. ఆవిడ మర్ఫీ రేడియోను చీకట్లో, నిద్రమత్తులో తిప్పి స్టేషను పట్టుకున్న మనిషి. చేతకానిది ఆవిడకు కాదు.

పెద్దవాళ్లకు బటన్లు ఎక్కువైతే తికమక అని అంటారు. నా అనుభవంలో తికమక పెట్టేది లెక్క కాదు, ఒకే బటన్ పూటకో మాట చెప్పడం. పాత రేడియోకు సౌండుదొక గుండీ, స్టేషనుదొక గుండీ. ఒకటి ముట్టుకుంటే రెండోది కదిలేది కాదు. పాత పాటలు ముందే నింపి అమ్మే కారవాన్ లాంటి పెట్టెలు 2017 తర్వాత ఇళ్లలోకి అంతగా చొరబడ్డాయంటే, అందులో పాటలతో పాటు తిప్పే గుండీకీ వాటా ఉందని నా నమ్మకం. ఇక ఇయర్‌బడ్స్ మీద తట్టడమంటారా, జుట్టు సర్దుకున్నా పాట ఆగిపోతుంది. దాని గురించి ఇంతకన్నా మాట్లాడటం దండగ.

ఇంజనీరింగ్ పిల్లలు వెనక వరసల్లో ఉన్నారు. ప్రాజెక్టుకు ఏం చేయాలని అడుగుతుంటారు కదా? జేబులో పట్టే ప్లేయరు చేయండి. సౌండుకు తిప్పే చక్రం పెట్టండి. పది సెకన్లు వెనక్కి తీసుకుపోయే బటన్ ఒకటి, చూడకుండానే వేలికి తెలిసేలా ఉబ్బెత్తుగా పెట్టండి. ఆపి, మర్నాడు తెరిస్తే ఆగినచోటి నుంచే మొదలవ్వాలి. ఆ చోటును గుర్తుంచుకోవడానికి కొద్దిపాటి మెమరీ చాలు, మనిషి గుర్తుంచుకోనక్కర్లేదు. చేశాక గదిలో దీపం ఆర్పేసి, సంగీతంలో సాధనకు పాడే వర్ణం ఒకటి పెట్టుకుని, అందులో ఒకే స్వరాల ముక్కను మూడుసార్లు మళ్లీ వినండి. ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చిందో రాసుకుని రండి, వచ్చే సమావేశంలో చూద్దాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.