పరుగు వాచ్ దూరాన్ని ఎలా లెక్కిస్తుంది, ఎక్కడ తప్పుతుంది
(అనంతపురంలో ఉదయపు పరుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మనలో నలుగురం ఒకే ట్రాక్ మీద పక్కపక్కన నాలుగు లేన్లలో మాట్లాడుకుంటూ 25 రౌండ్లు పరిగెత్తాం. 400 మీటర్ల ట్రాక్ కాబట్టి 10 కిలోమీటర్లు పూర్తయ్యాయనుకుని ఆగి వాచ్‌లు చూసుకున్నాం. మొదటి లేనులో ఉన్న ఆయనది 10.08 అంది, రెండో ఆయనది 9.81, మూడో ఆయనది 10.31, నాలుగో లేనులో ఉన్న నాది 10.63. టీ అంగడి దగ్గర అరగంట వాదన నడిచింది. అందరికన్నా చవకది నా వాచ్ కాబట్టి, అందరికన్నా ఎక్కువ తప్పిందీ అదేనని తీర్మానం జరిగిపోయింది.

ఇంటికి వెళ్లి కాగితం మీద లెక్క వేస్తే తీర్మానం తారుమారైంది. ట్రాక్‌లో 400 మీటర్లన్న కొలత మొదటి లేనుకే వర్తిస్తుంది, అది కూడా లోపలి గట్టుకు 30 సెంటీమీటర్ల దూరంలో గీసిన ఊహారేఖ మీద. లేను వెడల్పు 1.22 మీటర్లు కనుక బయటికి జరిగేకొద్దీ రౌండుకు ఏడు మీటర్ల పైన పెరుగుతూ, నాలుగో లేనుకు వచ్చేసరికి ఒక రౌండు 422 మీటర్లు దాటుతుంది. అంటే ఆ రోజు నేను నిజంగా పరిగెత్తింది దాదాపు 10.56 కిలోమీటర్లు. నా వాచ్ తప్పింది 70 మీటర్లే. రెండో లేనులో ఉన్న మిత్రుడు 10.18 పరిగెత్తగా ఆయన వాచ్ 9.81 చూపింది కాబట్టి, నలుగురిలో నిజంగా తప్పింది అదే. అది మా నాలుగింటిలో ఖరీదైన వాచ్ అన్న సంగతి ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఎందుకు తప్పిందో కాసేపట్లో చెబుతాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. వాచ్ దూరాన్ని కొలవదు. అది కొలిచేది కాలాన్ని. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడున్నదీ, సంకేతం ఏ క్షణంలో బయలుదేరిందీ నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం మన చేతికి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ప్రయాణకాలాన్ని కాంతివేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. కాలంలో మైక్రోసెకను తేడా వస్తే నేల మీద 300 మీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలుంటాయి, మన చేతికి మాత్రం మామూలు క్వార్ట్జ్ గడియారమే. దాని తప్పును కూడా తెలియని రాశిగా పెట్టుకుని సాధించాలి కాబట్టి మూడు ఉపగ్రహాలు చాలవు, కనీసం నాలుగు కావాలి. ఇలా సెకనుకో బిందువు తేల్చి, ఆ బిందువులను గీతలతో కలిపి, గీతల పొడవులు కూడితే వచ్చేదే మనం చూసుకుని మురిసిపోయే అంకె.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పరుగు ముగిశాక ఫోనులో పటం తెరిస్తే, మనం పరిగెత్తిన వీధి బదులు పక్క వీధి ఇళ్ల మీదుగా గీత పోయి ఉంటుంది. వెంటనే దూరం కూడా తప్పేననుకుంటాం. అలా కానక్కరలేదు. గీత మొత్తం ఆరు మీటర్లు తూర్పుకు జరిగితే దాని పొడవు మారదు కదా. నెమ్మదిగా మారే తప్పు మన స్థానాన్ని జరుపుతుంది, పొడవు జోలికి పెద్దగా పోదు. సెకను సెకనుకూ మారే తప్పే పొడవును పాడుచేస్తుంది.

నెమ్మదిగా మారే తప్పుల్లో ముఖ్యమైనది పైనున్న అయనోస్ఫియర్ వల్ల వచ్చేది. సూర్యకాంతికి విద్యుదావేశం పొందిన ఆ పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. దక్షిణ భారతం భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడం వల్ల ఐరోపా వాళ్లకన్నా మనకు ఈ బెడద ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత ఆలస్యం హెచ్చుగా ఉంటుంది, సూర్యాస్తమయం దాటాక కొన్ని రాత్రులు సంకేతం మిణుకుమిణుకుమంటుంది కూడా. విమానాల కోసం ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి జీపీఎస్ తప్పులను సరిదిద్దే గగన్ వ్యవస్థను నిర్మించినప్పుడు ఈ పొరను లెక్కలోకి తేవడం వాళ్లకు పెద్ద పనే అయింది. తెల్లవారుజామున ఐదింటికి పరిగెత్తే మనకు దీని బాధ తక్కువ. ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కనుక, 1575.42, 1176.45 మెగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాలనూ వినగలిగే వాచ్‌లు రెండింటి తేడాను బట్టి ఆ ఆలస్యాన్ని తీసివేయగలవు. డ్యూయల్ బ్యాండ్ అని పెట్టె మీద రాసేది దీన్నే. 2000 సంవత్సరం మే వరకూ అమెరికా ప్రభుత్వమే పౌర సంకేతంలో కావాలని తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా. అదే కొనసాగి ఉంటే ఇవాళ ఈ ప్రసంగం అవసరం ఉండేది కాదు.

ఇక పొడవును తినే తప్పు. పాతూరు ఇరుకు సందుల్లో పరిగెడితే సంకేతం నేరుగా రాకుండా మేడ గోడకు తగిలి వస్తుంది, అంటే దూరం ఎక్కువ తిరిగి వస్తుంది. అటు నాలుగడుగులు వేస్తే మరో గోడ, మరో తప్పు. గండికోట లోయ అడుగున పెన్నా ఒడ్డున నిలబడితే రెండు వైపులా రాతిగోడలు ఆకాశాన్ని సన్నని పట్టీగా మిగులుస్తాయి, నెత్తిమీది రెండు మూడు ఉపగ్రహాలతో లెక్క కుదరదు. చింతచెట్ల కింద, అందులోనూ వాన వెలిసిన పొద్దున తడి ఆకుల కింద, సంకేతం బలహీనపడుతుంది. వీటన్నిటికీ తోడు వాచ్ యాంటెన్నా చిన్నది, మన ఒళ్లే ఒక పక్క ఆకాశాన్ని అడ్డుకుంటుంది, చేయి ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది.

ఫలితం ఎలా ఉంటుందో అంకెలతో చూద్దాం. సెకనుకు 3 మీటర్ల చొప్పున తిన్నని రోడ్డు మీద పరిగెడుతున్నామనుకోండి. వాచ్ ఒక సెకను మనల్ని అర మీటరు కుడికి, మరుసటి సెకను అర మీటరు ఎడమకు చూపించిందనుకోండి. ప్రతి ఏటవాలు గీతా 3 మీటర్ల బదులు 3.16 మీటర్లవుతుంది. అర మీటరు చిన్న తప్పే. కానీ పది కిలోమీటర్లు ముగిసేసరికి వాచ్ పదిన్నర చూపిస్తుంది. కుడికి తప్పినా ఎడమకు తప్పినా గీత పెరుగుతుందే కాని తరగదు, కాబట్టి సగటు తీసినా ఈ తప్పు చెరిగిపోదు. అసలు తప్పులు ఇంత క్రమంగా అటూ ఇటూ ఊగవు కాబట్టి ఇంత ఘోరం సాధారణంగా జరగదు. తయారీదారులు కూడా ఈ వంకరలను నునుపు చేసే లెక్కను వాచ్‌లోనే పెడతారు.

అయితే నునుపు చేసే చెయ్యి మలుపులను కూడా కోసేస్తుంది. మన మిత్రుడి ఖరీదైన వాచ్ కథ ఇక్కడికే వస్తుంది. ఆయన బ్యాటరీ మిగుల్చుకుందామని పొదుపు మోడ్ పెట్టుకున్నారు. ఆ మోడ్‌లో అది సెకనుకు కాకుండా పదిహేను సెకన్లకొక బిందువు నమోదు చేస్తోంది. ట్రాక్ వంపులో ఆ వ్యవధిలో ఆయన 45 మీటర్లు పరిగెడితే, వాచ్ రెండు చివరలనూ తిన్నగా కలిపి సుమారు 42.4 మీటర్లే రాసుకుంటుంది. ట్రాక్‌లో సగానికి పైగా వంపులే కదా. 25 రౌండ్లకు ఆయన పోగొట్టుకున్నది 360 మీటర్ల పైన. తిన్నని హైవే మీద అదే మోడ్ ఏ నష్టమూ చేయదు, అందుకే ఆయనకు ఏనాడూ అనుమానం రాలేదు.

వాడకం విషయంలో రెండు మాటలు చాలు. ఇంట్లో మంచం మీద బటన్ నొక్కి వీధిలోకి పరిగెత్తకండి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు ఒకసారి పూర్తిగా వినిపించడానికే 30 సెకన్లు తీసుకుంటుంది, కాబట్టి ఆరుబయట నిమిషం నిలబడండి. క్షణక్షణం మారే పేస్ అంకెను, అంటే కిలోమీటరుకు పట్టే సమయాన్ని, చూసి వేగం మార్చుకోకండి, కిలోమీటరు సగటు చూసుకోండి.

పోటీల తర్వాత నిర్వాహకులతో జరిగే తగాదా గురించి కూడా చెప్పాలి. మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఆ దారిని కొలిచేవారు మలుపు మలుపుకూ లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారినే కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు, అదనంగా కలుపుతారు. మనమేమో నీళ్ల బల్ల కోసం ఇటు, నీడ కోసం అటు తిరుగుతూ పోతాం. వాచ్ 42.6 చూపిస్తే అందులో కొంత వాచ్‌ది, కొంత మన కాళ్లది. దారి ఎక్కువ కొలిచారని నిలదీయడానికి అది ఆధారం కాదు.

కొలత అంటే ఏమిటో మన జిల్లాకు కొత్త కాదు. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారి విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వేలో మన గుత్తి దగ్గర కూడా ఒక ఆధార రేఖను, అంటే మిగతా కొలతలకు పునాది అయ్యే గీతను, కొలిచారు. వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో పరచి, ఎండకు సాగుతుందని దానిపై గుడారం వేసి, ఉష్ణోగ్రత రాసుకుంటూ కొలిచే పద్ధతి ఆయనది. ఈనాడు పోటీల దారిని సైకిలుతో కొలుస్తారు. ముందు చక్రానికి దాని చుట్లను లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ తగిలించి, టేపుతో కొలిచి పెట్టుకున్న తిన్నని దూరం మీద నాలుగుసార్లు తొక్కి, మీటరుకు ఎన్ని లెక్కలో తేల్చుకుని బయలుదేరతారు. పని ముగిశాక మళ్లీ అదే దూరం తొక్కి సరిచూస్తారు, ఎందుకంటే ఎండెక్కేకొద్దీ టైరులో గాలి వ్యాకోచించి చక్రం పెద్దదవుతుంది.

మనం రోజూ పరిగెత్తే ఐదు కిలోమీటర్ల రోడ్డును వచ్చే ఆదివారం ఇలాగే కొలవాలని నా ప్రతిపాదన. స్టీలు టేపు నేను తెస్తాను. కౌంటర్ మన దగ్గర లేదు కాబట్టి చక్రానికి ఒక చోట సున్నం గుర్తు పెట్టి, చుట్లు లెక్కపెట్టే పని ఇద్దరికి అప్పగిద్దాం. సైకిలు తెచ్చేవారు శనివారం సాయంత్రమే టైర్లకు గాలి కొట్టించి పెట్టుకోండి. ఐదున్నరకల్లా మొదలుపెడితే ఎండ రాకముందే పూర్తవుతుంది.