రూపాయికి ముప్పావలా నొప్పి

అందరికీ నమస్కారం, కర్నూలు నుంచి మళ్లీ నేనే. ఈమధ్య మా అవ్వకు తోడుగా వారం రోజులు ఆస్పత్రి వార్డులో ఉన్నాను, చేసేదేం లేక మంచానికి తగిలించిన కేస్ షీట్ చదువుతూ కూర్చునేవాణ్ణి. అందులోని మాటలు తెలియక చుట్టుపక్కల వాళ్లు పడే టెన్షన్ చూశాకే ఈ వీడియో చేయాలనిపించింది.

ముందు వైటల్స్. సిస్టర్లు "వైటల్స్ చూసినావా" అని ఒకరినొకరు అడుగుతుంటారు కదా, అవి ఒంటి వేడి, నాడి, ఊపిరి, బీపీ. కరోనా టైంలో అందరం కొనుక్కున్న వేలి క్లిప్పు చూపించే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం కూడా ఇప్పుడు వీటితోపాటే రాస్తున్నారు, అది మామూలుగా 95, ఆ పైన ఉండాలి. వేలు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా తప్పు చూపించొచ్చు, అది గుర్తుంచుకోండి.

వేడి 98.6 ఫారెన్‌హీట్ అటూ ఇటూ. 100.4 వచ్చిందంటే జ్వరం. జ్వరం లేకపోతే షీట్‌లో "ఎఫెబ్రైల్" అని రాస్తారు, పక్క మంచం పెద్దాయన అదేదో కొత్త జ్వరం అనుకుని రాత్రంతా నిద్రపోలేదు పాపం! నాడి పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100. ఎక్కువైతే టాకీకార్డియా, తగ్గితే బ్రాడీకార్డియా. మన కర్నూలు ఎండలో నీళ్లు తాగకుండా తిరిగొచ్చి చూసుకుంటే వంద దాటడం వింతేం కాదు. ఊపిరి 12 నుంచి 20. దీంట్లో ఒక తమాషా ఉంది, సిస్టర్ మీ చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి మీ ఛాతీ వైపు చూస్తూ ఊపిరి లెక్కపెడుతుంది. ఎందుకంటే "నీ ఊపిరి లెక్కపెడతా" అని చెప్పిన మరుక్షణం ఎవరి ఊపిరైనా మారిపోతుంది.

బీపీ దగ్గర మనవాళ్లందరూ "నాకు బీపీ ఉంది", "నాకు బీపీ లేదు" అంటారు. అయ్యా, బీపీ లేకపోతే మనిషే లేడు. గుండె ముడుచుకున్నప్పుడు రక్తనాళాల్లో ఉండే ఒత్తిడి పై అంకె, సిస్టాలిక్. గుండె సడలినప్పుడు ఉండేది కింది అంకె, డయాస్టాలిక్. 120/80 అంటే అదే. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆ పైన వస్తుంటే అప్పుడు హై బీపీ అంటారు. మెట్లెక్కి వచ్చి రొప్పుతూ, ఫోన్లో మాట్లాడుతూ, చొక్కా చేతి మీదే పట్టీ కట్టించుకుంటే వచ్చే అంకెను నేనైతే నమ్మను. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి.

ఇక నొప్పి. సైన్ అంటే ఎదుటివాళ్లు చూసో, కొలిచో తెలుసుకునేది, సింప్టమ్ అంటే మీరు నోరు తెరిచి చెబితేనే తెలిసేది. నొప్పి రెండో రకం, దానికి మెషిన్ లేదు. 1990లలో అమెరికాలో నొప్పిని కూడా ఐదో వైటల్ సైన్ అన్నారు, తర్వాత నొప్పి మందుల వాడకం చేయి దాటిపోయి, 2016లో అక్కడి డాక్టర్ల సంఘమే ఆ మాట వద్దంది. కానీ సున్నా నుంచి పది దాకా ఎంత అని అడగడం మాత్రం ఉండిపోయింది.

మా అవ్వనూ అడిగారు. రెండు రోజులుగా నడుము నొప్పి అంటే మేం వీధి చివర మాత్రలు తెచ్చి వేశాం, తగ్గలేదు. హౌస్ సర్జన్ అమ్మాయి "అవ్వా, పదికి ఎంత నొస్తాంది?" అంది.

"పదంటే ఏంది తల్లీ?"

"అస్సలు ఓర్చుకోలేనంత."

అవ్వ ఆలోచించి, "అట్లయితే రూపాయికి ముప్పావలా" అంది. ఆ అమ్మాయి నవ్వి 7 రాసుకుని, "సరే, ఎట్లుంటుంది నొప్పి?" అని అడిగింది. ఆ ప్రశ్న మేమెవ్వరం అడగలేదు!

"నొప్పి కాదమ్మా, మంట. ఎడమ పక్కన మాత్రమే, కారం పూసినట్టు. చీర తగిలితే ప్రాణం పోతాంది."

వెంటనే చీర పక్కకు జరిపి చూస్తే వరసగా చిన్న చిన్న నీటి పొక్కులు. సర్పి, డాక్టర్ల మాటలో హెర్పీస్ జోస్టర్. ఎప్పుడో చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినప్పటి వైరస్ నరంలో దాక్కుని ముసలితనంలో లేస్తుంది, పొక్కుల కంటే ముందే మంట మొదలవ్వచ్చు. పొక్కులొచ్చిన మూడు రోజుల్లోపు మందు మొదలైతే మంచిదట. షుగర్ కూడా ఉందని అవ్వను ఉంచేసుకున్నారు.

మనకు ఎన్ని మాటలున్నాయో చూడండి, పోటు, సలుపు, తీపు, గుంజు, మెలిపెట్టడం, జివ్వుమనడం, కలుక్కుమనడం, ఒక్కోదాని వెనక ఒక్కో జబ్బు ఉండొచ్చు. ఇన్ని పెట్టుకుని అందరం "నొప్పి సార్" అంటాం. అన్నిటికంటే ప్రమాదం "గ్యాస్" అనే మాట. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఇవుంటే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకండి, 108కి ఫోన్ చేయండి. నొప్పి అలా పాకడాన్ని షీట్‌లో "రేడియేటింగ్" అని రాస్తారు. "అక్యూట్" అంటే కొత్తగా వచ్చింది, "క్రానిక్" అంటే మూడు నెలలు దాటినా పోనిది, చాలామంది అనుకున్నట్టు ముదిరింది అని కాదు.

డిశ్చార్జి రోజు పొద్దున ఆ అమ్మాయే మళ్లీ వచ్చి "ఈరోజు ఎంతవ్వా?" అంటే, అవ్వ "పావలా" అంది. రెండా, మూడా అని కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి మూడే రాసింది.