క్యాంపింగ్ స్టవ్ పుటపుటమంటుందా? ముందు ఈ గొట్టం చూడండి

నమస్తే అందరికీ. ఇగో, ఈ సప్పుడు వినండి... పుట్, పుట్, పుట్. మంట ఒకపారి పసుపుపచ్చగ ఎగుస్తది, మల్లొకపారి ఆరిపోతదా అన్నట్టు కుంగుతది. భువనగిరి గుట్ట మీద బండలెక్కుడు నేర్చుకొని హిమాలయాలకు పోదామనుకునేటోళ్లు ఈ రకం స్టవ్ కొంటరు, అంటే గ్యాస్ డబ్బా పక్కన ఉండి పైపుతోని బర్నర్‌కు అతికేది. ఇంటికాడ వెలిగించంగనే ఇట్ల చేస్తే ఖరాబైందని పక్కకు పెట్టకండి.

జర దగ్గరికెళ్లి చూపిస్త. బర్నర్ పక్కన లేచి, మంటలకెళ్లి వంగిపోయే సన్నటి గొట్టం ఉంది గదా, సంగతంతా దీంట్లనే. మంచు కొండల చలికి డబ్బాల ద్రవం సరిగ్గ గ్యాస్ కాదని డబ్బాను తలకిందులు పెడతరు, అప్పుడు పైపుల ద్రవమే వస్తది. అది ఈ గొట్టంల కాగి గ్యాస్ కావాలె. గొట్టం సల్లగుంటే ద్రవం బొట్లుబొట్లుగ జెట్ దాకా, అంటే గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం దాకా పోతది. గ్యాస్ అయితే అది 200 రెట్లకు మించి ఉబ్బుతది. అందుకే ఆ ఎగుసుడు, కుంగుడు.

కాబట్టి డబ్బాను నిటారుగ పెట్టే వెలిగించాలె. అర నిమిషం మండనియ్యండి. వాల్వు బాగ తగ్గించి, అప్పుడు మెల్లగ తలకిందులు చేయండి. ఇగ ఇక్కడనే మనోళ్లకు ఓపిక ఉండదు. పైపుల ద్రవం ఉంటది కాబట్టి వాల్వు తిప్పినా మంట మారేటందుకు కొన్ని సెకన్లు పడతది. ఏం కాలేదని ఇంకింత తిప్పుతరు, భగ్గుమంటది.

మంచిగ మండుకుంట మండుకుంట పుటపుట మొదలైతే గాలిని చూడండి. గుట్ట మీద గాలికి మంట పక్కకు పోతది, గొట్టం సల్లవడుతది. బర్నర్ చుట్టు రేకు అడ్డం పెట్టండి, డబ్బా మాత్రం రేకు బయటనే ఉండాలె. అన్నం మగ్గుతదని మంట మరీ సన్నం చేసినా ఇదే తిప్పలు, గొట్టానికి సెగ సాలదు.

నిటారుగ పెట్టినా కొట్టుకుంటుందా? డబ్బా వాలు బండ మీద ఒరిగి ఉందేమో సూడండి, ద్రవం మూతి దాకా వస్తది. సరిగ్గ పెట్టినా ఆగకపోతే జెట్‌ల మురికి ఉన్నట్టే. స్టవ్ సల్లారినంక జెట్ విప్పి, స్పిరిట్‌ల నానబెట్టి, ఎనుకనుంచి ఊదండి. పిన్నీసుతోని పొడిస్తే రంధ్రం పెద్దగైతది, ఇగ కొత్త జెట్ కొనాల్సిందే.

నన్నడిగితే, నల్లగొండ, పాలమూరు దిక్కు డబ్బా తలకిందులు పెట్టే పనే లేదు. డబ్బాల ఉండే బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గర మరుగుతది, మన చలికాలం రాత్రులు అంత సల్లగుండయి. తలకిందులు పెట్టుడు మంచు కొండల మీద పనికొస్తది. ఇక్కడ మనకు భయం ఎండతోనే. డబ్బా 50 డిగ్రీలు దాటొద్దు, మే నెలల మూసిన కారుల అస్సలు ఇడిసిపెట్టొద్దు.

ఇంకొకటి గట్టిగ చెప్తున్న: ఈ గొట్టం లేని స్టవ్‌ను, డబ్బా మీదనే బిగించే రకాన్ని, ఎన్నటికి తలకిందులు చేయొద్దు. ద్రవమే మంటలకు చిమ్ముతది.

ఆర్పేటప్పుడు ముందు డబ్బాను నిటారుగ తిప్పండి, పైపులున్నది కాలిపోనియ్యండి, తర్వాత వాల్వు బంద్ చేయండి. మల్ల వెలిగించే ముందు డబ్బా బిగించి, అతుకు కాడ సబ్బు నురుగు రాయండి. బుడగ లేస్తే ఆ అతుకుల ఉండే రబ్బరు రింగు (ఓ-రింగు) మార్చేదాకా అగ్గిపుల్ల గియ్యొద్దు.