‘22’ దిగితే ఎవర్ని పంపుతారు?

యాంకర్: నమస్కారం. ఈ వారం స్కోరుబోర్డు జోలికి పోవట్లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కదలకముందే జరిగిపోయే ఆట గురించి మాట్లాడుకుందాం. టెక్సస్‌లో ఓ హైస్కూల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా చేస్తున్న మన తెలుగాయన వచ్చారు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసే విశ్లేషకురాలూ ఉన్నారు. కోచ్ గారూ, కామెంటరీలో ‘ట్వెల్వ్ పర్సనెల్’ అంటుంటారు. దిగేది పదకొండు మందే కదా, పన్నెండో వాడెవడు?

కోచ్: (నవ్వుతూ) మా ఆవిడా ఇదే అడిగిందండీ. అది తలకాయల లెక్క కాదు. రెండంకెల్నీ విడివిడిగా చదవాలి. మొదటిది బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు, రెండోది లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌లు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, అతనికి అడ్డుగా లైన్‌లో ఐదుగురు ఎలాగూ ఉంటారు. మిగిలిన ఐదుగురి గురించే ఈ లెక్క. 12 అంటే ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు, పోగా పరుగెత్తి బంతి పట్టే వైడ్ రిసీవర్లు ఇద్దరు. 11లో రిసీవర్లు ముగ్గురు. 22లో ఒక్కడే.

యాంకర్: టైట్ ఎండ్ అంటే అటూ ఇటూ కాని మనిషన్నమాట.

విశ్లేషకురాలు: అటూ ఇటూ కూడా అయిన మనిషి అనండి! గొడవంతా వాడితోనే. లైన్ పక్కన నిలబడి ఎదుటివాణ్ణి నెట్టగలడు, కావాలంటే పరుగెత్తి బంతి పట్టగలడు. చురుకైన చిన్న డిఫెండర్‌ని పెడితే మీద పడి తోసేస్తాడు. లైన్ వెనక నిలబడే బరువైన లైన్‌బ్యాకర్‌ని పెడితే దాటిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2011లో ప్యాట్రియట్స్ జట్టు ఇద్దరు టైట్ ఎండ్‌లతో ఆడుతుంటే వాళ్లలో గ్రాంకౌస్కీ ఒక్కడే టచ్‌డౌన్ క్యాచ్‌లు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించేవి, 17 పట్టాడు.

యాంకర్: మన క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటర్ రాగానే లెఫ్టార్మ్ స్పిన్నర్‌ని పక్కన పెట్టినట్టా?

కోచ్: దగ్గరగానే ఉంది గానీ, అక్కడ కెప్టెన్‌కి తీరిక ఉంటుంది. ఇక్కడ అఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు, మనుషుల్ని మారిస్తే ఆపే జట్టుకీ, అదే డిఫెన్స్‌కీ, మార్చుకునే వీలివ్వాలని రూలు. ఆ కాస్తసేపు అంపైర్ బంతి దగ్గరే నిలబడిపోతాడు, ఆట మొదలవ్వనివ్వడు. అఫెన్స్ ఎవర్నీ మార్చకుండా వెంటనే లైన్ మీదికొచ్చేసిందా, ఇక డిఫెన్స్‌కి దిక్కులేదు. ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి. అందుకే పైన గదిలో ఒకాయన బైనాక్యులర్స్‌తో అవతలి బెంచీనే చూస్తూ కూర్చుంటాడు. ఎవడు హెల్మెట్ తగిలించుకుంటున్నాడు, ఎవడు బయటికొస్తున్నాడు. ‘టూ-టూ, టూ-టూ’ అని హెడ్‌సెట్‌లో చెప్పగానే కింద కేకలు మొదలు. ఓసారి మా కుర్రాళ్లలో ఒకడు ‘నికెల్’ అని వినపడక లోపలే ఉండిపోయాడు. పన్నెండు మందిమి అయ్యాం. ఐదు యార్డుల పెనాల్టీ, ఆపైన వాళ్ల నాన్న చూపు.

యాంకర్: నికెల్ అంటే?

కోచ్: వెనక కాపలాకి ఐదుగురు. మామూలుగా నలుగురు, దాన్ని బేస్ అంటాం. ఓ లైన్‌బ్యాకర్‌ని తీసి చిన్నవాణ్ణి దించితే నికెల్. ఆరుగురైతే డైమ్.

విశ్లేషకురాలు: ఇప్పుడు అసలు కథ చెప్పాలి. 2019 ఫిబ్రవరి 3, అట్లాంటా, ప్యాట్రియట్స్-రామ్స్ మధ్య లీగ్ ఫైనల్, సూపర్ బౌల్. నాలుగో క్వార్టర్‌లో ఇంకా 3-3. చూస్తున్నవాళ్లు కునుకు తీస్తున్నారు, నాతో సహా. బంతి ప్యాట్రియట్స్‌కి వాళ్ల సొంత 31 యార్డుల గీత దగ్గర వచ్చింది. వాళ్ల అఫెన్స్ నడిపే కోఆర్డినేటర్ జాష్ మెక్‌డానియల్స్ 22ని దించాడు. గ్రాంకౌస్కీ, ఇంకో టైట్ ఎండ్ అలెన్, బరువైన ఫుల్‌బ్యాక్ డెవలిన్, ఇంకో రన్నింగ్ బ్యాక్ బర్క్‌హెడ్, ఉన్న ఒక్క రిసీవర్ ఎడల్‌మన్. అంతమంది బరువైనవాళ్లు దిగుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

యాంకర్: పరుగు ఆట.

విశ్లేషకురాలు: రామ్స్ కూడా అదే అనుకుని బేస్‌లోనే ఉన్నారు. తీరా చూస్తే వీళ్లు వెడల్పుగా పరుచుకున్నారు. ఫుల్‌బ్యాక్ వెళ్లి ఓ అంచున నిలబడ్డాడు, ఎడల్‌మన్ లోపలికొచ్చాడు. లైన్‌బ్యాకర్లు కాపలా కాయాల్సిన చోట మొత్తం జట్టులోకెల్లా చురుకైనవాడు! మొదట గ్రాంకౌస్కీకి 18 యార్డులు. ఆ తర్వాత ఒకే ప్లే, అంటే ముందే గీసిపెట్టుకున్న ఎత్తు, పేరు ‘హాస్ వై జ్యూక్’, వరసగా మూడుసార్లు. ఎడల్‌మన్‌కి 13, బర్క్‌హెడ్‌కి 7, గ్రాంకౌస్కీకి 29. రెండు యార్డుల గీత దగ్గర పడ్డాడు. తర్వాత రన్నింగ్ బ్యాక్ సోనీ మిషెల్ గీత దాటి దూరాడు. ఐదు ప్లేలు, 69 యార్డులు. ఆ మ్యాచ్ మొత్తానికి అదొక్కటే టచ్‌డౌన్, 13-3.

కోచ్: మేడమ్, ఒక్క మాట. ఆ 29 యార్డుల బంతి మళ్లీ చూడండి. గ్రాంకౌస్కీ చుట్టూ ముగ్గురున్నారు. లైన్‌బ్యాకర్ లిటిల్‌టన్ అతుక్కునే ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ ఆ బంతిని వాళ్ల మధ్యలో సన్నటి చోట వేశాడు. దాన్ని బోర్డు మీది పథకం ఖాతాలో వేస్తే నేనొప్పుకోను.

విశ్లేషకురాలు: వేయట్లేదండీ. కానీ లిటిల్‌టన్‌కి ఆ పని పడేలా చేసింది ఎవరు? అతని స్థానంలో ఇంకో సేఫ్టీ, అంటే వెనక కాపలా కాసేవాడు, ఉంటే?

కోచ్: సేఫ్టీ ఉంటే గ్రాంకౌస్కీ ఎగిరి పట్టేవాడు. (నవ్వులు) నా మాటేంటంటే, దారి తెరిచింది 22, నడిచింది మనుషులు. మా పిల్లలకి ఈ అంకెల గ్రూపింగ్‌లు నేర్పుతుంటే వాళ్ల మొహాల్లో ఓ వెలుగొస్తుంది, ఇక బంతి పట్టడం అక్కర్లేదన్నట్టు. అదే నా భయం.

యాంకర్: మరి అవతల రామ్స్ సంగతి? ఆ సీజన్‌లో సగటున 32 పైచిలుకు పాయింట్లు చేసిన జట్టు.

విశ్లేషకురాలు: వాళ్లది సరిగ్గా తిరగేసిన ఆలోచన. వాళ్ల కోచ్ మెక్‌వే ఏడాదంతా దాదాపు 11 మీదే నడిపాడు. మనుషుల్ని మార్చకపోతే డిఫెన్స్‌కి ఏ ఆనవాలూ దొరకదు. పరుగైనా పాసైనా ఒకే రూపం. అది తెలివితక్కువ పని అని నేననను. కాకపోతే ప్యాట్రియట్స్ కోచ్ బెలిచిక్‌కి రెండు వారాల టైమ్ ఉంది, ఎదురుగా ఒకే రూపం ఉంది. లైన్ మీద ఆరుగుర్ని పరిచేశాడు. ఫలితం మూడు పాయింట్లు.

కోచ్: ఆ మెక్‌వేనే 2025 సీజన్‌లో 13తో, అంటే ముగ్గురు టైట్ ఎండ్‌లతో, అందర్నీ తిప్పలు పెట్టాడు. లీగ్‌లో దాన్ని అంతగా వాడినవాళ్లు ఇంకెవరూ లేరు. నికెల్‌కి అలవాటుపడిపోయి జట్లన్నీ డిఫెన్స్‌లో తేలికైనవాళ్లని పోగేసుకున్నాయి. అప్పుడు బరువు దించాడు.

యాంకర్: అయితే ఈ శుక్రవారం మీ హైస్కూల్ కూడా 13 దించుతుందా?

కోచ్: మాకున్నది ఒక్క టైట్ ఎండ్ అండీ. వాడికీ మోకాలు వాచింది.